ఒక్క మిల్లీమీటరే కదా



మొన్న శుక్రవారం ఉపవాస కూటానికి గంట ఆలస్యంగా వచ్చాను. బస్సు దొరకలేదన్నాను. అది సగమే నిజం.

చెట్లు కొట్టి బతికే మన సంఘపు తమ్ముడి చైన్‌సాలో క్రాంక్‌షాఫ్ట్ పాడైంది. ఆ మోడల్‌ది ఎక్కడా దొరకలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక మెకానిక్ వేరే మోడల్‌ది చూపించాడు. బేరింగులు సరిపోయాయి, ఫ్లైవీల్ కూడా సరిగ్గా కూర్చుంది. స్ట్రోక్ మాత్రం 2 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే పిస్టన్ పైకి 1 మిల్లీమీటరు, కిందికి 1 మిల్లీమీటరు ఎక్కువ పోతుంది.

"ఒక్క మిల్లీమీటరే కదా, బిగించెయ్యి భాయ్" అన్నాను. నా చూపంతా గడియారం మీదే.

అతను మాట్లాడకుండా బిగించి చేత్తో తిప్పాడు. పిస్టన్ పైకి వచ్చేసరికి టక్కున ఆగిపోయింది. "తాడు లాగి స్టార్ట్ చేసుంటే పిస్టన్ పగిలేది సార్" అన్నాడు. తమ్ముడు నా వైపు చూడలేదు. ఆ డబ్బు అప్పు తెచ్చింది.

మళ్ళీ అంతా విప్పి, సిలిండర్ కింద మందమైన ప్యాకింగ్ వేశాడు. ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని సోల్డరింగ్ తీగ దూర్చి, చేత్తో తిప్పాడు. నలిగిన తీగను కొలిస్తే ముప్పావు మిల్లీమీటరు. అంటే పైన అంత ఖాళీ ఉందన్నమాట. "ఇక చాలు" అన్నాడు. సిలిండర్ లేచింది కాబట్టి లోపలి రంధ్రాలు తెరుచుకునే వేళ కూడా మారుతుందట. కార్బురేటర్ సరిచేయడానికి ఇంకో అరగంట.

బయటికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. తమ్ముడు ఆ నలిగిన తీగ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి కూటంలో నేను సహనం గురించి మాట్లాడాను. అతను వెనక వరుసలో కూర్చున్నాడు.