చివర ఒక అచ్చు

ఇటాలియన్ నేర్చుకుంటున్నా అంటే హాస్టల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "మిలాన్‌లో ఎంఎస్ ఇంగ్లీషులోనే చెప్తారు కదా, మరి నీకిదెందుకే?" నిజమే, పాలిటెక్నికో ది మిలానోలో పీజీ కోర్సులు ఎక్కువగా ఇంగ్లీషులోనే. కానీ క్లాసు బయట రొట్టె కొనుక్కోవాలి, అద్దెకి గది వెతుక్కోవాలి. అందుకే మొదలుపెట్టా.

మొదటి వారంలోనే సరదా పుట్టింది. ఇల్లు 'కాసా', పుస్తకం 'లిబ్రో', రాత్రి 'నొత్తె'. దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతుంది. మనం స్టేటస్‌లో పెట్టుకునే 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అనే బిరుదు ఇందుకే. 15వ శతాబ్దంలో విజయనగరం చూసెళ్ళిన వెనిస్ వ్యాపారి నికోలో దె కాంటి పేరు మీద ఆ మాట చెలామణి అవుతోంది. తమాషా ఏంటంటే, వెనిస్ యాసలోనే చివరి అచ్చు చాలాసార్లు రాలిపోతుంది. పుస్తకాల ఇటాలియన్‌లో రొట్టె 'పానె' అయితే, వాళ్ళకి 'పాన్'.

ఇంకో సంగతి మన సీఎస్ఈ వాళ్ళకి నచ్చుతుంది. ఇటలీ వాళ్ళు కంప్యూటర్‌ని, మౌస్‌ని ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు. తెలుగు అలా ఊరుకోలేదు. బస్సు, కారు, రోడ్డు, మౌసు: బయటి మాట ఏదొచ్చినా చివర ఒక 'ఉ' తగిలించాకే ఇంట్లోకి రానిచ్చింది. అక్కడ కూడా టస్కనీలో పాతతరం వాళ్ళ నోట ట్రామ్ 'ట్రమ్మె' అవుతుంది, బార్ 'బర్రె' అవుతుంది. నవ్వకండి, అది పాలిచ్చేది కాదు!

సెలవులకి అనకాపల్లి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మమ్మకి చెప్పా. "అయితే ఆళ్ళూ నాలాగే మాటాడతారన్నమాట" అంది.

అవును, ఆవిడలాగే. మనలాగా కాదు. ఆవిడ బెల్లం మార్కెట్టుకి బస్సెక్కుతుంది, నాది 'కంప్యూటరు చదువు' అని ఊరంతా చెప్తుంది. ఇంగ్లీష్ మీడియంలో పెరిగిన మాకు ఆ 'ఉ' పల్లెటూరి గుర్తు. ఎవరైనా 'బస్సు' అంటే క్లాసంతా నవ్వేది. ఇప్పుడు మన గ్రూపుల్లో అంతా బస్, రోడ్, మార్కెట్. తెలుగు అజంత భాష అని గొప్ప చెప్పుకునేదీ మనమే, ఆ అచ్చుని కోసేసేదీ మనమే.

రెండేళ్ళ తర్వాత నేను ఇటలీ వెళ్తానో లేదో ఇంకా తెలీదు. వెళ్తే మాత్రం, మీ తెలుగు ఎలా ఉంటుంది అని అక్కడ ఎవరైనా అడిగినప్పుడు నేను మాట్లాడను. ఫోన్లో అమ్మమ్మ పంపిన మెసేజీ వినిపిస్తా.