‘సాఫ్ గాడీ’లో దాచిన ఐబు

మా ప్రొద్దుటూర్లో అర తులం ఉంగరం కొనాలన్నా గీటురాయి మీద గీసి చూడందే ఎవరూ రూపాయి తియ్యరు. అదే మన పిల్లలు గల్ఫ్‌లో లక్షలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు, సీటు కవర్లు చూసి బయానా ఇచ్చేస్తుంటారు.

పోయిన నెల మా ఆపా కొడుకు షార్జా నుంచి ఫోన్ చేసినాడు. "మామూ, క్యామ్రీ దొరికింది, 2020 మోడల్. బజారు కన్నా బాగా తక్కువ. అమ్మీ గాజులు కుదువ పెట్టి డబ్బు పంపిస్తానంటోంది" అన్నాడు. అమ్మేటాయన సలామ్ చెప్పి, చాయ్ తాపించి, "ఏక్‌దమ్ సాఫ్ గాడీ" అన్నాడంట.

జీసీసీ స్పెక్కా, అమెరికన్ స్పెక్కా అని అడిగినా. అమెరికన్ అన్నాడు.

జీసీసీ స్పెక్ అంటే గల్ఫ్ ఎండలకు తగ్గట్టు చేసిన బండి. అమెరికన్ స్పెక్ బండ్లు చాలావరకు అక్కడ తిరిగి ఓడెక్కి వచ్చినవే. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ యాక్సిడెంట్‌లో నుజ్జయినవి, వరదలో మునిగినవి అక్కడ వేలంలో చవగ్గా కొని, షార్జా షెడ్లలో బాగుచేసి, పాలిష్ కొట్టి అమ్మేవీ ఉంటాయి.

విన్ నంబర్ పంపమన్నా. డ్యాష్‌బోర్డు మీద ముందు అద్దం కింద, డ్రైవర్ తలుపు చట్రం మీద ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 17. రెండు చోట్లా ఒకటే ఉండాల. 1, 4, 5తో మొదలైతే అమెరికాలో తయారైన బండి, జె అయితే జపాన్‌ది. ఆ నంబర్ ఇస్తే కార్‌ఫాక్స్, ఆటోచెక్ డబ్బు తీసుకుని బండి హిసాబంతా చెప్తాయి. అందులో ‘సాల్వేజ్’, ‘ఫ్లడ్’ అనే మాట కనబడితే అక్కడే ఆగిపోవాల.

నేను ముందు ఊరికే గూగుల్‌లో కొట్టినా. వేలం ఫొటోలు వచ్చినాయి. ఫ్లోరిడా, 2022 డిసెంబర్. ఆ సెప్టెంబర్ చివర్లోనే ఇయన్ తుఫానుకు సముద్రం అక్కడి ఊళ్లలోకి వచ్చింది. ఫొటోల్లో సీట్ల మీద బురద గీత కనిపిస్తానే ఉంది. ఉప్పునీళ్లు పోయిన బండిలో వైర్ల కీళ్లు లోపల్లోపలే తుప్పు పడతాయి. ఎయిర్‌బ్యాగ్ అక్కరపడిన క్షణాన తెరుచుకోకపోవచ్చు.

ఫొటోలు భాంజాకు పంపినా. కాసేపు మాట్లాడలేదు. "ఆయన నమాజీ మనిషి మామూ" అన్నాడు.

ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, అడుగున తడి తగిలితే, దాన్ని జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని రసూలుల్లాహ్ (స) అడిగిన సంగతి మనకందరికీ తెలుసు. ఇదీ తడిసిన సరుకే. ఐబు చెప్పడం అమ్మేవాడి ఫర్జ్. అయితే ఈయనకూ తెలీకపోవచ్చు, ఇంకొకరు ఈయనకు అంటగట్టి ఉండొచ్చు. బద్‌గుమానీ వద్దు. అందుకే నంబర్ అడగమంటున్నా. నంబర్ అడిగితే ఎవరి ఈమాన్‌నూ శక్ చేసినట్టు కాదు. తెలీనివాడికి తెలుస్తుంది, తెలిసి దాచినవాడు తప్పుకుంటాడు.

భాంజా బయానా ఇవ్వలేదు. ఆపా గాజులు చేతికే ఉన్నాయి.

రిపోర్టు సాఫ్‌గా వచ్చినా నమ్మి ఊరుకోవద్దు. కంపెనీకి చెప్పకుండా బయటే బాగుచేయించుకున్న దెబ్బలు అందులోకి ఎక్కవు. సీటు బెల్టు చివరిదాకా లాగి మరక ఉందేమో చూడాల. కార్పెట్ లేపి వాసన చూడాల. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాల. అసలు వెలగనే లేదంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. మన మిస్త్రీకి చూపించేదాకా ఒక్క దిర్హమ్ ఇవ్వొద్దు.

గల్ఫ్‌లో ఉన్న మీ పిల్లలకు ఈ మాట చేరవేయండి. వాళ్ల హలాల్ కమాయీలో అల్లాహ్ బర్కత్ ఇవ్వాల. ఆమీన్.