రెక్క క్రింద నిలిచినప్పుడు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ప్రదర్శనకు ఉంచిన టీయూ-142 విమానాన్ని మనవడితో కలిసి చూచాను. ఈ రకం విమానాలు 1988లో సోవియట్ దేశం నుండి మన నావికాదళానికి వచ్చాయి. మొదట గోవాలో, 1992 నుండి అరక్కోణంలోని ఐ.ఎన్.ఎస్. రాజాలి స్థావరంలో ఉండి, 29 ఏండ్లు సముద్రంపై జలాంతర్గాములను వెదకాయి. 2017లో విరమించేవరకు ఒక్క ప్రమాదమూ జరగలేదు.

"తాతయ్యా, నాన్న మరమ్మతు చేసింది వీటినే కదా?" అన్నాడు మనవడు.

నా గుండె కలుక్కుమన్నది. పొలం వదలి నావికాదళంలో చేరాడని అలిగి, ఏండ్ల తరబడి కుమారునితో సరిగా మాటలాడలేదు నేను. ఎందరో తల్లుల బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరడానికి వాడి చేతులు కూడా పనిచేశాయి.

ఆ రాత్రే ఫోను చేశాను. "నీ విమానాన్ని చూచానురా" అన్నాను. వాడు ఏడ్చాడు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలో ఆగిపోయిన మాట ఉంటే ఆలస్యం చేయకండి.