ఉత్తుత్తి విమానం

చాలా కాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల పని" అని చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటు. మన ఊళ్ళలో ఆ మాట అన్న తరువాత మరో ప్రశ్న ఎవరూ వేయరు. మా బాపు ఒక్కడే వేశాడు. ఆయనకు ఆనాడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ వ్రాస్తే నాకైనా స్పష్టపడుతుందేమోనని ఈ ప్రయత్నం.

మాది బాన్సువాడ. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా, 2016 నుండి కామారెడ్డి జిల్లా. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీళ్ళే మా మళ్ళకు ఆధారం. మా ఊరికి నైరుతి దిక్కున, గాలిదారిన అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బీదరు ఉంది. అక్కడి వైమానిక స్థావరం యుద్ధవిమాన చోదకుల శిక్షణకు పేరు పొందినది. నా చిన్నతనంలో పొలంలో ఉండగా అప్పుడప్పుడు ఆకాశంలో సన్నని గీత గీచినట్లు ఒక విమానం పోయేది. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుము నిటారుగా చేసి చూసేవారు. దానిని నడిపేది ఇంకా మీసం సరిగా రాని కుర్రవాడని, వాడు ఇంకా నేర్చుకుంటున్నాడని నాకప్పుడు తెలియదు.

పెద్దయ్యాక నేను విమానం నడపలేదు, నడవని విమానాన్ని తయారుచేసే పనిలో చేరాను. సైనిక శిక్షణకు వాడే సిమ్యులేటర్లు అవి. ఈ రంగంలో హైదరాబాదుకు పాత సంబంధమే ఉంది. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ టాంకులు నడపడానికీ, తుపాకి పేల్చడానికీ శిక్షణ యంత్రాలు చేసి పేరు తెచ్చుకున్నది ఈ నగరంలోనే. నేను పనిచేసినది అక్కడ కాదు, మరొక చోట.

సిమ్యులేటరుకు తెలుగు మాట కోసం నేను కొంత అవస్థ పడ్డాను. "అనుకరణ యంత్రం" అంటే ప్రభుత్వ ప్రకటన లాగా ఉంటుంది. మొదటిసారి మా ఇంట్లో వివరించినప్పుడు బాపు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ఉత్తుత్తి విమానమన్నట్టు" అన్నాడు. అప్పటినుండి మా ఇంట్లో అదే పేరు.

ఈ ఉత్తుత్తి విమానాల కథ అమెరికాలో ఒక వాద్యాల కార్ఖానాలో మొదలైంది. ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రి ఆర్గన్లు, వాటంతటవే మోగే పియానోలు తయారు చేసేవాడు. వాటిలో గాలిని నడిపించే తిత్తులను ఉపయోగించి లింక్ 1929 నాటికి ఒక చిన్న పెట్టె విమానాన్ని తయారు చేశాడు. మొదట దానిని సంతల్లో వినోదానికే కొన్నారు. 1934లో అమెరికా సైన్యం టపా సంచులను విమానాల్లో చేరవేసే పని చేపట్టి, చీకటిలోనూ మబ్బుల్లోనూ వరుసగా చోదకులను పోగొట్టుకుంది. అప్పుడు గాని లింక్ గారి పెట్టె విలువ తెలియలేదు. మొదట ఆరు కొన్నారు. రెండవ ప్రపంచయుద్ధంలో లక్షల మంది ఆ నీలిరంగు పెట్టెలలో కూర్చుని నేర్చుకున్నారు.

వాళ్ళు నేర్చుకున్నది ముఖ్యంగా తమ చెవులను నమ్మకుండా ఉండడం. మన లోపలి చెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం కదిలి మనకు ఆ సంగతి తెలియజేస్తుంది. విమానం ఒకే వేగంతో ఒక పక్కకు తిరుగుతూనే ఉంటే కొన్ని సెకన్లలో ఆ ద్రవం కూడా గొట్టంతో సమానంగా కదిలి, "మనం నిటారుగానే పోతున్నాము" అని చెబుతుంది. అప్పుడు విమానాన్ని నిజంగా నిటారు చేస్తే, ఎదురు దిక్కుకు ఒరిగినట్లు తోస్తుంది. మబ్బులో ఆ మాట నమ్మినవాడు మళ్ళీ ఒరిగి, సుడి తిరుగుతూ నేలకు దిగుతాడు. ఎదురుగా ఉన్న గడియారాల వంటి పరికరాలను నమ్మి, తన దేహాన్ని నమ్మకపోవడం మనిషికి సహజంగా వచ్చే విద్య కాదు. ఒకరు కూర్చోబెట్టి నేర్పవలసిందే.

మన దేశంలో ఈ విద్యకు మరొక ప్రయోజనం కూడా కలిగింది. తేజస్ యుద్ధవిమానం స్వతహాగా నిలకడ లేనిది. చురుకుదనం కోసం కావాలనే అలా రూపొందించారు. దానిని అనుక్షణం సరిదిద్దుతూ నిలబెట్టేది కంప్యూటరే. 1998 అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించడంతో ఆ దేశపు సహాయం ఆగిపోయింది. ఎగరడానికి కావలసిన నియంత్రణ సూత్రాలను బెంగుళూరు శాస్త్రజ్ఞులే పూర్తి చేసుకోవలసి వచ్చింది. ఆ సూత్రాలను గాలిలోకి తీసుకుపోకముందే నేలమీది సిమ్యులేటర్లలో పరీక్షా చోదకులు పదేపదే నడిపి చూశారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ గారు ఒడిషాలోని బరంపురంలో పుట్టినవారు. ఆయన ఇంటిపేరు చూసి మనం కొంచెం గర్వపడితే తప్పు లేదు.

ఇక నా పని విషయానికి వస్తాను. సిమ్యులేటరు అనగానే అందరికీ తెరమీది బొమ్మ, ఆరు కాళ్ళ మీద ఊగే గది గుర్తుకొస్తాయి. అవి కష్టమైన పనులే. చోదకుడు కర్ర కదిపిన క్షణానికి, కంటిముందు బొమ్మ కదిలిన క్షణానికి మధ్య ఆలస్యం పెరిగితే కడుపులో తిప్పుతుంది, చేయి తప్పు నేర్చుకుంటుంది. పౌరవిమానాల అత్యున్నత శ్రేణి సిమ్యులేటర్లలో ఆ ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటరాదని చాలాకాలం నియమం ఉండేది. అయితే అన్నిటికంటె కష్టమైనది కంటికి కనిపించని పని. ఇంజిను ఆగితే ఏమవుతుంది? రెక్కమీద గాలి విడిపోతే ఎలా వణుకుతుంది? వీటిని అసలు విమానపు కొలతలనుండి తీసుకుని లెక్కలుగా వ్రాయాలి. నాకు అప్పగించినది గాలిలో ఆగిన ఇంజినును తిరిగి అంటించే భాగం.

ప్రతి ఇంజినుకూ కొంత ఎత్తు, కొంత వేగం హద్దులుగా ఉంటాయి. ఆ హద్దుల్లోనే అది తిరిగి అంటుకుంటుంది. నేల దగ్గర పడితే ఇక ప్రయత్నం మాని బయటికి దూకవలసిందే. నేను వ్రాసిన లెక్కలో ఆ హద్దు కొంచెం ఉదారంగా పడింది. నా దగ్గర కొలతలు లేనిచోట ఒక గీతను పొడిగించి ఊరుకున్నాను. చూడడానికి బాగానే ఉంది. మా పరీక్షలన్నిటిలోనూ నెగ్గింది.

యంత్రాన్ని అప్పగించకముందు పరీక్షించడానికి వచ్చిన ఒక విశ్రాంత శిక్షకుడు మూడవ రోజున పట్టుకున్నారు. తక్కువ ఎత్తులో ఇంజిను ఆపి, మీట నొక్కి, అది అంటుకోగానే చేతులు తీసేశారు. "ఇక్కడ ఇది అంటుకోకూడదు" అన్నారు. నేను చిన్న తేడాయేనని, సరిచేస్తానని అన్నాను. ఆయన కోప్పడలేదు. నిదానంగా ఇలా అన్నారు: "ఈ పెట్టె అబద్ధమని అందరికీ తెలుసు, దాంతో ఫరవాలేదు. కానీ ఇది ఏ విషయంలో అబద్ధం చెబుతోందో నాకు తెలియాలి. తెలియకపోతే, ఇక్కడ రెండుసార్లు ఇంజిను అంటించుకున్న కుర్రవాడు పైన కూడా మరొక్కసారి ప్రయత్నిద్దామనుకుంటాడు. ఆ ఒక్కసారికి పట్టే సమయంలోనే వాడు దూకి ఉండాల్సింది."

ఆ రాత్రి కూర్చుని సరిచేశాను. ఎవరికీ ఏ హానీ జరగలేదు. అయినా ఆ గీతను తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

2023 డిసెంబరు 4న దుండిగల్ వైమానికదళ అకాడమీ నుండి లేచిన శిక్షణ విమానం ఒకటి మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలింది. శిక్షకుడూ, విద్యార్థీ ఇద్దరూ మరణించారు. ఆ వారం నేను ఊళ్ళోనే ఉన్నాను. బాపు టీవీ చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు: "మీ ఉత్తుత్తి విమానంల నేర్సుకున్న పిల్లలేనా బిడ్డా వాళ్ళు?"

కాదన్నాను. అది నిజమే, ఆ రకపు విమానానికి మేమెన్నడూ పనిచేయలేదు. కానీ "కాదు" అనగానే నాకు కలిగిన ఊరట నాకే నచ్చలేదు. అందుకని ఆయనకు ఆ పాత గీత సంగతి మొత్తం చెప్పాను. అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బాపు విని, కోడెల సంగతి ఎత్తుకున్నాడు. ట్రాక్టర్లు రాకముందు కొత్త కోడెను పనికి అలవాటు చేయాలంటే ముదురు ఎద్దుకు జతగా కాడి కట్టి, నాగలికి బదులు ఒక మొద్దును లాగించేవారు. "అయితే మీది మొద్దు గుంజుడన్నట్టు" అన్నాడు. అవునన్నాను. "మొద్దు తేలికగ ఉంటె కోడె ఖరాబైతది బిడ్డా. గుంజుడు అల్కనే అనుకుంటది. నాగలి కట్టినంక సాల్ల నిలవడి మొండికేస్తది. బరువు సరిగ జూసి కట్టాలె."

ఇన్నేళ్ళలో మా రంగంలోని పెద్దలు గంటలకొద్దీ చెప్పిన దానిలో ఇంతకంటె ఎక్కువ ఏమీ లేదు. ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటిరోజే ఆ గీత కథ చెబుతున్నాను. కొలత లేనిచోట గీత పొడిగించవద్దని, పొడిగించక తప్పకపోతే ఆ సంగతి శిక్షకుడికి వ్రాసి ఇమ్మని చెబుతున్నాను.

సిమ్యులేటరుకు ఇంతకంటె మంచి తెలుగు మాట ఎవరికైనా తడితే దయచేసి చెప్పండి. దొరికేంతవరకు నాకు బాపు పెట్టిన పేరే చాలు.