లెస్టరులో భోజనం

ఇంగ్లండు ప్రయాణమనగానే మనవారికి గుర్తుకు వచ్చేది లండను. కాని ఇటీవల మన కుటుంబాలనుండి చదువులకు వెళ్ళే పిల్లలు చాలమంది లండనులో ఖర్చులు భరించలేక ఇతర నగరాలలో చేరుతున్నారు. అటువంటి నగరాలలో లెస్టరు ఒకటి. అక్కడ లెస్టరు విశ్వవిద్యాలయం, డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం అని రెండున్నవి. పిల్లల పట్టప్రదానోత్సవం చూడాలని తల్లిదండ్రులు, కోడలి పురుటికని అత్తగార్లు విమానమెక్కుతున్న రోజులివి. బయలుదేరే ముందు ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న చలిని గురించి, రెండవది తిండిని గురించి. చలికి కోటు కొనుక్కోవచ్చు. తిండి సంగతి మాత్రం ముందుగా తెలుసుకొని వెళ్ళడం మంచిది.

మొదట పేరు చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు చూచి ‘లీసెస్టరు’ అని చదివితే అక్కడివారికి అర్థం కాదు, లెస్టరు అనాలి. లండనుకు సుమారు నూరు మైళ్ళు ఉత్తరంగా ఉన్నది. సెయింట్ పాంక్రస్ స్టేషనులో రైలెక్కితే గంటా పది, గంటా ఇరవై నిమిషాలలో దిగవచ్చు. 2021 జనాభా లెక్కల ప్రకారం నగర జనసంఖ్య మూడు లక్షల అరవై ఎనిమిది వేల పైచిలుకు. అందులో నూటికి 43 మంది ఆసియా సంతతివారు. ఇంగ్లీషు తరువాత అక్కడ ఎక్కువగా వినబడే భాష గుజరాతీ.

స్టేషను బయటకు రాగానే ఒక విగ్రహం కనబడుతుంది. ఆయన టామస్ కుక్. 1841 జూలై 5వ తేదీన ఈయన లెస్టరునుండి లఫ్‌బరో అనే ఊరికి ప్రత్యేకంగా ఒక రైలు మాట్లాడి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున తీసుకొని, సుమారు ఐదు వందల మందిని మద్యపాన నిషేధ సభకు తీసుకొనిపోయి తీసుకొనివచ్చాడు. నేడు లోకమంతటా సాగే యాత్రా వ్యాపారానికి మూలపురుషులలో ఈయనను చెప్పుకొంటారు. ఆయన పేరు పెట్టుకొన్న ఇంగ్లీషు కంపెనీ 2019 సెప్టెంబరులో దివాలా తీసింది. విగ్రహం మాత్రం పెట్టె చేతబట్టుకొని నిలబడే ఉన్నది.

ఇక భోజనం. స్టేషనునుండి ఊరి నడుమనున్న గడియార స్తంభం మీదుగా ఉత్తరంగా నడిస్తే అరగంటలో బెల్‌గ్రేవ్ రోడ్డు చేరుకోవచ్చు. ఓపిక లేనివారికి బస్సులున్నవి. ఈ రోడ్డుకూ, దీనికి కొనసాగింపైన మెల్టన్ రోడ్డుకూ కలిపి ‘గోల్డెన్ మైల్’ అని పేరు. బంగారు నగల అంగళ్ళు, చీరల అంగళ్ళు, మిఠాయి దుకాణాలు, కూరగాయల కొట్లు, వీటి మధ్య వరుసగా భోజనశాలలు. దీపావళికి ఈ వీధంతా దీపాలు కట్టి చేసే ఉత్సవం ఇంగ్లండులో పేరు పొందినది.

ఈ వీధి ఇలా అయిన వైనం తెలిస్తేగాని అక్కడి భోజనం రుచి పూర్తిగా తెలియదు. గుజరాతు వర్తక కుటుంబాలు చాల కాలం క్రిందటనే తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి ఉగాండా, కెన్యా, టాంగనీకా దేశాలలో స్థిరపడినవి. 1972 ఆగస్టులో ఉగాండాను పాలిస్తున్న ఇదీ అమీన్ అక్కడి ఆసియావారంతా 90 రోజులలో దేశం విడిచిపోవాలని ఆజ్ఞాపించాడు. బ్రిటిషు పాస్‌పోర్టులున్నవారు, సుమారు ఇరవై ఏడు వేలమంది, బ్రిటనుకు వచ్చారు. అప్పటికే లెస్టరులో కొందరు బంధువులున్నారు గనుక చాలమంది చూపు ఆ ఊరిమీద పడింది. అది తెలిసి లెస్టరు నగరపాలక సంఘం ఏమి చేసిందనుకొన్నారు? ఆ సెప్టెంబరులోనే ‘ఉగాండా ఆర్గస్’ అనే పత్రికలో ఒక ప్రకటన వేయించింది. ఇక్కడ ఇండ్లు లేవు, బళ్ళలో చోటు లేదు, దయచేసి మా ఊరికి రావద్దు అని దాని సారాంశం. ఆ ప్రకటనవల్లనే లెస్టరు అనే ఊరొకటున్నదని తమకు తెలిసిందని తరువాత కొందరు నవ్వుతూ చెప్పుకొన్నారు.

ఎలాగైతేనేం, వచ్చారు. చేతిలో డబ్బు లేదు. మేజోళ్ళ మిల్లులలో, చెప్పుల కార్ఖానాలలో కూలికి కుదిరారు. బెల్‌గ్రేవ్ రోడ్డు అప్పుడు కళ తప్పి, చాల అంగళ్ళు మూతబడి ఉండేది. అద్దెలు తక్కువ గనుక అక్కడనే కొట్లు తెరిచారు. 1976లో ఆరంభమైన ‘బాబీస్’ అనే శాకాహార భోజనశాల ఈ వీధిలోని పాతవాటిలో ఒకటి. 1973లో వచ్చిన రాజ్‌కపూర్ సినిమా ‘బాబీ’ పేరే దానికి పెట్టారు. రావద్దని ప్రకటన వేయించిన నగరమే తరువాత ఈ వీధిని తన ఆకర్షణలలో ఒకటిగా యాత్రికులకు చూపించుకొన్నది.

ఈ వీధిలో ఏమి తినాలి? మొదట చిరుతిండ్లు. వీటిని వారు ‘ఫర్సాణ్’ అంటారు. శనగపిండి పులియబెట్టి ఆవిరిమీద ఉడికించి, ఆవాలు తాలింపు వేసినది ఢోక్లా. శనగపిండిని మజ్జిగలో ఉడికించి, పలుచగా పరచి, చాపలా చుట్టినది ఖాండ్వీ. నోట్లో వేసుకొంటే కరగిపోతుంది. చేమ ఆకులకు పిండి పట్టించి, చుట్టి, ఉడికించి, ముక్కలు కోసి వేయించినది పాత్రా. బియ్యం, పప్పులు రుబ్బి, సొరకాయ కోరు కలిపి, పైన నువ్వులు చల్లి కాల్చినది హాండ్వో; మన దిబ్బరొట్టెకు దూరపు చుట్టమని చెప్పవచ్చు. చలికాలంలో వెళ్ళినవారు ఉంధియూ అడగాలి. చిక్కుడు, వంకాయ, పెండలం, అరటికాయ, మెంతికూర ఉండలు కలిపి వండే కూర అది.

వీటన్నిటికంటె ముఖ్యంగా గమనించదగినది ‘మోగో’. ఇది మనకు తెలిసిన కర్రపెండలమే. సామర్లకోట, సేలం ప్రాంతాలలో దీనినుండి సగ్గుబియ్యం చేస్తారు. లెస్టరులో దీనిని వేళ్ళంత ముక్కలుగా కోసి, ఉడికించి, నూనెలో వేయించి, ఉప్పు కారం చల్లి, చింతపండు పచ్చడితో పెడతారు. మోగో అనేది తూర్పు ఆఫ్రికా మాట. గుజరాతునుండి ఆఫ్రికాకు, ఆఫ్రికానుండి ఇంగ్లండుకు, ఇలా రెండు సముద్రాలు దాటినవారి కథ ఆ పళ్ళెంలో ఉన్నది. ఆస్తులన్నీ ఉగాండాలో వదలివచ్చినవారికి ఆ దేశంనుండి వెంట వచ్చినది ఈ దుంప రుచి.

పూర్తి భోజనం కావాలంటే థాలీ అడగాలి. పలుచని రొట్టెలు, రెండు కూరలు, పప్పు, కఢీ, అన్నం, ఏదో ఒక ఫర్సాణ్, ఊరగాయ, మజ్జిగ వస్తవి. కఢీ అంటే మజ్జిగపులుసే. దానిలోను, పప్పులోను తీపి తగులుతుంది. మైసూరు, బెంగుళూరు మనవారికి సారులో బెల్లం అలవాటే గనుక చింతలేదు. గుంటూరు కారం మరిగినవారు మాత్రం పచ్చిమిరపకాయలు విడిగా అడిగి తెప్పించుకోవాలి. అడిగితే సంతోషంగా ఇస్తారు. ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దలు ‘జైన్’ అని చెబితే చాలును. లెస్టరులో జైనులు తగినంతమంది ఉన్నారు. ఒక పాత క్రైస్తవ ప్రార్థనాలయాన్ని మార్చి పాలరాతి ముఖంతో కట్టుకొన్న వారి దేవాలయం ఊరి నడుమనే ఉన్నది. గ్రుడ్డు వేయని కేకులు కూడ ఈ ఊరిలో సులభంగా దొరకుతవి. దోసెలు, బిర్యానీ పెట్టే హోటళ్ళు కూడ ఉన్నవి గాని, అవి మనకు ఇంటి దగ్గరనే దొరికే రుచులు.

మరొక సంగతి. ఇంగ్లండులో ఏ ఊరికి పోయినా ‘ఇండియన్ రెస్టారెంటు’ అని బోర్డులు కనబడతవి. వాటిలో అధికభాగం ఎంతో కాలంగా సిల్హెట్ ప్రాంతపు బంగ్లాదేశ్ వారు ఇంగ్లీషువారి నాలుకకు తగినట్లు వండుతూ నడిపినవి. వాటి రుచి వేరు. బెల్‌గ్రేవ్ రోడ్డు హోటళ్ళు మొదట తమవారి ఆకలి తీర్చడానికి పుట్టినవి. ఇంగ్లీషువారు తరువాత వచ్చి అలవాటు పడ్డారు.

అంత దూరం పోయి ఇంగ్లీషు తిండి రుచి చూడకుండ రావడం మర్యాద కాదు. లెస్టరు పరగణా పాడికి ప్రసిద్ధి. ఊరికి ఈశాన్యంగా సుమారు పదిహేను మైళ్ళ దూరంలో మెల్టన్ మౌబ్రే అనే చిన్న ఊరున్నది; రైలుంది. అక్కడి వంటకాలు ఒకదానినుండి ఒకటి పుట్టిన తీరు చెప్పుకోదగినది. ఆ ప్రాంతంలో స్టిల్టన్ అనే నీలిచారల జున్నుగడ్డ చేస్తారు. పాలు విరిచి జున్ను తీయగా మిగిలిన నీటిని పందులకు పోశారు. బలిసిన పందుల మాంసాన్ని గట్టి పిండిచిప్పలో పెట్టి కాల్చగా వచ్చినది పోర్క్ పై. గుర్రాలమీద వేటకు పోయేవారు దానిని జేబులో వేసుకొని పోయేవారట. 2009లో ఐరోపా సమాఖ్య ఈ పేరుకు రక్షణ కల్పించినది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినదానికే మెల్టన్ మౌబ్రే పేరు చెల్లుతుంది. శాకాహారులకు దీనితో నిమిత్తం లేదు గనుక జున్ను సంగతికి వస్తాను.

స్టిల్టన్ అనేది కేంబ్రిడ్జి వైపునున్న ఒక ఊరి పేరు. బండ్లలో ప్రయాణం చేసే రోజులలో ఆ ఊరి సత్రంలో ఈ జున్ను అమ్మేవారు గనుక ఆ ఊరి పేరే నిలిచింది. చిత్రమేమంటే, చట్టం ప్రకారం లెస్టరు, నాటింగ్‌హాం, డార్బీ పరగణాలలో చేసినదే స్టిల్టన్. స్టిల్టన్ ఊరిలో చేస్తే ఆ పేరు పెట్టరాదు! ఇక రెడ్ లెస్టర్ అనే జున్ను నారింజరంగులో ఉంటుంది. ఆ రంగు మనవైపు పండే జాఫ్రా గింజలది. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్ని జున్నులలో పాలు విరవడానికి దూడ పొట్టనుండి తీసిన పదార్థం వాడతారు. పొట్లంమీద శాకాహారులకు తగినదని వ్రాసి ఉన్నదే కొనాలి.

లెస్టరు మరొక తినుబండారానికి పుట్టిల్లు. యుద్ధం తరువాత ఇంగ్లండులో మాంసానికి రేషను ఉండేది; అది 1954 వరకు సాగింది. వాకర్ అనే మాంసపు వ్యాపారి సంస్థకు అమ్మడానికి తగినంత మాంసం లేక, పనివారిని ఊరక కూర్చోబెట్టలేక, 1948లో ఉర్లగడ్డలు పలుచగా తరిగి వేయించి అమ్మడం మొదలుపెట్టింది. ఆ ‘వాకర్స్’ చిప్సు నేడు దేశమంతా తింటారు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. చేప, ఉర్లగడ్డల వేపుడు అమ్మే అంగళ్ళలో కొందరు గొడ్డుకొవ్వులో వేయిస్తారు. ఉర్లగడ్డలే గదా అని తినకుండ, ఏ నూనె అని అడగాలి. యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు చూచి తీపి అనుకోవద్దు. అది గ్రుడ్డు, పాలు, పిండి కలిపి కాల్చి, ఆదివారం మాంసభోజనంతో పెట్టేది. ‘పబ్’ అంటే పానశాలే అయినా కుటుంబాలు భోజనానికి వెళతవి. చాలచోట్ల బల్ల దగ్గరకు ఎవరూ రారు, మనమే లోపలి గట్టు దగ్గరకు పోయి చెప్పి, డబ్బు కట్టి రావాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే కొన్ని వంటశాలలు సాయంత్రం దాకా మూసివేస్తారు. మద్యం అమ్మే లైసెన్సు ఉన్నచోట కొళాయి నీరు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టం. వేరుశనగ, నువ్వులు, ఆవాలు మొదలైన 14 పదార్థాలు పడనివారికి, అవి వంటలో ఉన్నవో లేవో హోటలువారు చెప్పి తీరాలి. వాకిలి తలుపుమీద సున్నానుండి ఐదు వరకు అంకె వేసిన ఆకుపచ్చ చీటీ ఉంటే అది శుభ్రతకు వేసిన మార్కు, ఐదు ఉత్తమం. బిల్లులో ‘సర్వీసు’ అని కలిపితే విడిగా ఇనాము ఇవ్వనక్కరలేదు. ఇనాములన్నీ పనివారికే చేరాలని 2024 అక్టోబరునుండి చట్టమున్నది.

చివరకు ఒక మాట మనవి చేస్తాను. మనలో చాల కుటుంబాలు తెలుగునాడు వదలి తరాలు గడచినవి. భాష పిల్లల నోట పలుచబడినా, పండుగనాటి పిండివంట మాత్రం నిలిచి ఉన్నదని మనం గర్విస్తాము. అది నిజమే, కాని ఇంట్లో మాత్రమే వండుకొనే వంట ఇంటి పెద్దావిడ ఓపిక ఉన్నంతవరకే ఉంటుంది. లెస్టరు గుజరాతీలు తమ వంటను వీధిలోకి తెచ్చారు. పొరుగువారికి అమ్మారు, పేర్లు నేర్పారు. నేడు అక్కడ పుట్టిన పిల్లవాడికి ఇంగ్లీషే ఇంటిభాష అయినా, కొట్టు ముందు నిలబడి ఖాండ్వీ, పాత్రా, మోగో అని అడిగేటప్పుడు ఆ మాటలు వాడి నోట పలుకుతవి. మన అరిసెలు, పూతరేకులు, గోంగూర పచ్చడి, ఉలవచారు మన పొరుగు తమిళునికి, కన్నడిగునికి, ఒరియావారికి ఎంతవరకు తెలుసు? వచ్చే ఉగాదికి మన సంఘాలు సభ ముగిసిన తరువాత తలుపు వేసుకొని మనమే తినకుండ, వాకిట ఒక బల్ల వేసి, ఒక్కొక్క వంటకం ముందు దాని తెలుగు పేరు వ్రాసిపెట్టి, పొరుగువారిని పిలిస్తే బాగుంటుంది. ఖర్చు పెద్దది కాదు. వండగల చేతులు ఇంకా మన ఇండ్లలో ఉన్నవి.