నడుం లోతు నీళ్లలో

ఇవాళ సెప్టెంబరు 3. 1905లో ఇదే రోజున సిమ్లాలో సుందర్ సింగ్ అనే కుర్రాడు బాప్తిస్మం తీసుకున్నాడు. సరిగ్గా 16 ఏళ్లు నిండిన రోజు. అంతకు ముందే కేశాలు కత్తిరించుకున్నాడు. సిక్కుల ఇంట పుట్టిన పిల్లాడికి అదెంత మాట! ఇల్లే వదలాల్సి వచ్చింది.

నేనూ నా 18వ ఏట బాప్తిస్మం కోసం మా ఊరి కాలవలో, నడుం లోతు నీళ్లలో నిలబడ్డాను. తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కాళ్ల కింద బురద జారుతోంది. "మళ్లీ వెనక్కి వెళ్లవు కదా బాబూ?" పాస్టరుగారు మెల్లగా అడిగారు. "వెళ్లనండీ" అన్నాను. ఇన్నేళ్లుగా నన్ను పట్టి నిలిపింది ఆ ఒక్క మాటే.

నాకైతే గట్టు మీద తువ్వాలు పట్టుకుని అమ్మ ఉంది. ఆ కుర్రాడికి ఎవరూ లేరు. పొద్దుట్నుంచీ అతనే గుర్తొస్తున్నాడు.