ముంజేతి మీది హిసాబ్

మా అబ్బాజాన్ జిందగీ అంతా ఆదోనిలో ఒక నూనె మిల్లులో ఖాతాలు రాశారు. సాయంత్రం హిసాబ్ తేలందే ఇంటికొచ్చేవారు కాదు. అమ్మీ ఎంత గుస్సా చేసినా అంతే. ఆ మనిషి కొడుకునైన నాకు హిసాబ్ విలువ నలభై దాటాక అండమాన్ సముద్రంలో తెలిసింది.

రెండేళ్ల కింద స్కూబా నేర్చుకుందామని హేవ్‌లాక్ ద్వీపానికి పోయాను. ఇప్పుడు దాన్ని స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. నేర్పిన ఉస్తాద్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగువాడే, తాతలది శ్రీకాకుళం. మొదటిరోజే నా చేతికి గడియారంలాంటిది కట్టి, "నీళ్లలో మీ మాట నమ్మను సార్, దీని మాట నమ్ముతాను" అన్నాడు.

అది డైవ్ కంప్యూటర్. ఎంత లోతులో ఎంతసేపున్నామో కొన్ని సెకన్లకోసారి రాసుకుంటుంది. ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణమంత దబావ్ పెరుగుతుంది. ఆ దబావ్ కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ నెత్తురులో, కండలో, కొవ్వులో కరుగుతుంది. ఆహిస్తా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది. జల్దీ చేస్తే, సోడా మూత తీసినట్టు, ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులతో పోవచ్చు. వెన్నుపాముకి తగిలితే కాళ్లే పడిపోవచ్చు.

హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేసి 1908లో దీనికి పట్టికలు ఇచ్చాడు. నెత్తురు బాగా పారే చోట నైట్రోజన్ తొందరగా చేరి తొందరగా పోతుంది, కొవ్వులో రెండూ ఆలస్యమే. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటి లెక్కకి బునియాద్ ఇదే.

రెండోరోజు ఆఖరి డైవ్. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి పైకొచ్చేసరికి పదకొండున్నర. పడవలో ఫోన్ తీస్తే ఆపావి తొమ్మిది మిస్డ్ కాల్స్. అబ్బాజాన్ పడిపోయారు, కర్నూలులో ఐసీయూలో ఉన్నారు. "ఫౌరన్ బయల్దేరు" అని ఏడ్చింది. వెంటనే ఫెర్రీ ఎక్కితే ఆరోజు ఆఖరి విమానం దొరికేలా ఉంది.

ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని గడియారం చూపించాడు. దాని మీద విమానం బొమ్మ, ఎక్కొద్దని. పైన విమానంలో గాలి దబావ్ నేల మీదకన్నా తక్కువ. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగలు కట్టొచ్చు. ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, వరసగా దిగితే కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే మాట.

"నాకేం కాలేదు, హుషారుగానే ఉన్నాను" అన్నాను.

"ఖతరా అక్కడే సార్, మీకేం తెలీదు."

ఆపాకి చెప్పాను. "నీళ్లలో ఆడుకోడానికి పోయి, ఇప్పుడు గడియారం వద్దందంటావా?" అని ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్ లాడ్జిలో ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం.

మర్నాడు విమానమెక్కి, రాత్రికి కర్నూలు చేరాను. అబ్బాజాన్‌కి మెలకువగానే ఉంది. సంగతంతా చెప్పాను. చాలాసేపు పలకలేదు.

"ఎంత బాకీ ఉండె బేటా?"

"18 గంటలు అబ్బా."

"తీర్చే వచ్చినావు కదా?" అని కళ్లు మూసుకున్నారు.

అబ్బాజాన్ కోలుకున్నారు. ఆపా మాత్రం నన్నింకా పూర్తిగా మాఫ్ చేయలేదు. ఆ రాత్రే ఆయన పోయుంటే నన్ను నేనూ మాఫ్ చేసుకునేవాణ్ణి కాదేమో. అయినా ఆగడమే సహీ అని ఇప్పటికీ అనుకుంటాను. ఐసీయూలో ఒక మంచం పక్కన ఇంకో మంచం వేయించడం ఖిద్మత్ కాదు.

ఇప్పుడు డైవింగ్‌కి పోయే దోస్తులకి రెండే మాటలు చెప్తాను. మీ కంప్యూటర్ మీదే, జతగాడి దాన్ని చూసి నీళ్లలో లెక్క కట్టొద్దు. మీ అలసట, మీ వయసు, మీరు తాగని నీళ్లు దానికి తెలీవు కాబట్టి అది చెప్పినదానికన్నా కొంచెం ముందే పైకి బయల్దేరండి. తిరుగు టికెట్ కొనేటప్పుడు ఆఖరి డైవ్ తర్వాత ఒక పూర్తి రోజు ఖాళీగా వదిలేయండి. ఇంటి నుంచి ఫోన్ ఎప్పుడొస్తుందో ఏ గడియారమూ చెప్పదు.